కాలిన ఆయిల్ ఎక్కడికి పోయింది?

మా నాన్నకి కోనసీమలో రోడ్డు పక్కన టూవీలర్ మెకానిక్ షెడ్డు ఉంది. ఆ షెడ్డు వయసులో నాకంటే పెద్దది. బండి ఆయిల్ మార్చినప్పుడల్లా కింద రేకు డబ్బా పెట్టి కాలిన ఆయిల్ దింపుతారు. అందులో కొంత సెంట్రింగ్ వాళ్లు పలకలకి పూయడానికి పట్టుకెళ్తారు. మిగిలింది సాయంత్రం షెడ్డు వెనక కొబ్బరిచెట్ల మధ్య ఖాళీ జాగాలో పారబోస్తారు. చైన్లు, కార్బురేటర్లు కడిగిన పెట్రోలూ కిరసనాయిలూ కూడా అక్కడికే. ఇరవై ఏళ్ల నుంచీ ఇదే వరస.

ఆ జాగాకి కొంచెం అవతల మా చేతి పంపు ఉంది. పోయిన వేసవి సెలవులకి ఇంటికెళ్లి, బస్సు దిగిన చెమటకి ఆ పంపు కొట్టి ముఖం కడుక్కున్నాను. కిరసనాయిలు వాసన. అమ్మని అడిగితే, "రెండేళ్లబట్టీ అంతేరా. తాగడానికి కుళాయి నీళ్లే పట్టుకుంటున్నాం. ఇది గిన్నెలకీ బట్టలకీ" అంది, అదేదో మామూలు విషయంలాగా.

నాన్నతో అంటే ఆయన నవ్వాడు. "ఇన్నేళ్లు పోశాన్రా. మిగిలుంటే ఈపాటికి అక్కడ చెరువైపోవాలి కదా? భూమి తాగేసింది."

నేను కెమికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. లెక్క మాత్రం వేశాను. రోజుకి రెండు లీటర్లు పారబోశారనుకుందాం. ఏడాదికి 300 రోజులు, 20 ఏళ్లు. 12,000 లీటర్లు. అంటే ఒక ట్యాంకర్ లారీ. అదంతా ఎక్కడికి పోయింది? ఈ ప్రశ్న పట్టుకునే ఐదో సెమిస్టర్ మినీ ప్రాజెక్ట్ మొదలుపెట్టాను. ఈ వ్యాసం ఆ ప్రాజెక్ట్ రిపోర్ట్ కాదు. రిపోర్ట్‌లో రాయడానికి కుదరనివన్నీ ఇక్కడ రాస్తున్నాను.

నాన్న మాట సగం నిజం. తాగేవాళ్లున్నారు. భూమి కాదు, భూమిలో ఉన్నవాళ్లు. సూడోమోనాస్, రోడోకాకస్, ఎసినెటోబాక్టర్, మైకోబాక్టీరియం అని పెద్ద బంధువర్గమే ఉంది, వీళ్లకి తోడు కొన్ని శిలీంధ్రాలు. హైడ్రోకార్బన్లని తిని బతకగలిగే ఈ జీవులు మామూలు మట్టిలో కూడా కొద్దికొద్దిగా ఉంటాయి. ఆయిల్ పడగానే తినగలిగినవి పెరుగుతాయి, తినలేనివి తగ్గుతాయి.

నాకు మొదట అర్థం కానిది ఒకటే. పెట్రోలు బంకులు వచ్చి నూరేళ్లు. ఈ బాక్టీరియాకి అంతకుముందే ఆయిల్ తినడం ఎవరు నేర్పారు? వెతికితే తెలిసింది, హైడ్రోకార్బన్లు మనిషి సృష్టి కానే కాదు. క్యాబేజీ ఆకు మీద నీళ్లు పోస్తే ముత్యాల్లా జారిపోతాయి కదా, ఆ తెల్లటి మైనపు పొరలో ముఖ్యమైనది 29 కార్బన్ల ఆల్కేన్. చాలా మొక్కల ఆకుల మీద ఇలాంటి పొరే. ఆకులు రాలి మట్టిలో కలిసినంత కాలంగా వీటిని తినేవాళ్లూ ఉన్నారు. సముద్రంలో అయితే ప్రోక్లోరోకాకస్, సినెకోకాకస్ అనే కంటికి కనపడని సయనోబాక్టీరియా నిత్యం పెంటాడెకేన్, హెప్టాడెకేన్ తయారుచేస్తూనే ఉంటాయి. మెక్సికో అఖాతం అడుగున పగుళ్లలోంచి చమురు తనంతట తానే ఊరుతూ ఉంటుంది. మనం చమురు తవ్వడం మొదలుపెట్టేనాటికే ఈ వంటకం రుచి వాళ్లకి తెలుసు.

తినడం ఎలాగో చూద్దాం. హెక్సాడెకేన్ తీసుకోండి. 16 కార్బన్ల తిన్నని గొలుసు, చుట్టూ 34 హైడ్రోజన్లు. నీళ్లలో కరగదు. బాక్టీరియా ఉండేదేమో నీటి తడిలో. కాబట్టి ముందు సబ్బు కావాలి. తలంటి పోసుకున్నాక కుంకుడుకాయ రసం జుట్టుకున్న నూనెని ఎలా నురగలో కలిపి తీసుకుపోతుందో, సరిగ్గా ఆ పనే చేసే పదార్థాన్ని ఈ బాక్టీరియా సొంతంగా తయారుచేసుకుంటుంది. సూడోమోనాస్ ఎరుగినోసా చేసేదాని పేరు రామ్నోలిపిడ్. దాంతో ఆయిల్ చిన్న చిన్న బొట్లుగా విడిపోతుంది. బొట్టు చిన్నదయ్యేకొద్దీ మొత్తం ఉపరితలం పెరుగుతుంది, తినడానికి చోటు దొరుకుతుంది. మాస్ ట్రాన్స్‌ఫర్ క్లాసులో నిద్రపోయినవాళ్లు ఇక్కడైనా లేవండి.

తర్వాతది అసలు ఘట్టం. ఆల్కేన్ గొలుసులో ఎక్కడా పట్టు దొరకదు. అన్నీ కార్బన్-కార్బన్, కార్బన్-హైడ్రోజన్ బంధాలే, అంత తేలిగ్గా తెగవు. ఆల్కేన్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్ గాలిలోంచి వచ్చిన ఆక్సిజన్ అణువు తీసుకుని, అందులో ఒక పరమాణువుని గొలుసు చివరి కార్బన్‌కి తగిలిస్తుంది. రెండోది నీరుగా మారుతుంది. అంతే, గొలుసుకి ఒక పిడి వచ్చేసింది. అది ఇప్పుడు ఆల్కహాల్. ఇంకో మెట్టు ఎక్కితే ఆల్డిహైడ్, ఆ పై మెట్టులో ఫ్యాటీ యాసిడ్. 16 కార్బన్ల హెక్సాడెకేన్ ఇలా మారితే వచ్చేది పామిటిక్ యాసిడ్. పామాయిల్‌లో ఉండేది ఇదే! అంటే మొదటి మూడు మెట్లు దాటాక ఇంజన్ ఆయిల్‌కీ వంటనూనెకీ బాక్టీరియా దృష్టిలో పెద్ద తేడా లేదు. మనం తిన్న పెసరట్టులో నూనె మన ఒంట్లో ఎలా అరుగుతుందో ఇక్కడా అలాగే. రెండేసి కార్బన్ల చొప్పున ముక్కలు కోస్తారు. 16 కార్బన్ల గొలుసు ఏడు కోతల్లో ఎనిమిది ముక్కలు. ఆ ముక్కలు క్రెబ్స్ సైకిల్లోకి వెళ్లి కొంత కార్బన్ డయాక్సైడ్ అవుతాయి, కొంత కొత్త బాక్టీరియా ఒళ్లవుతాయి.

ఇంటర్‌లో బైపీసీ వాళ్లు ఇదంతా బట్టీ పడుతుంటే నేను ఎంపీసీ గర్వంతో నవ్వేవాణ్ని. ఇప్పుడు చెంపలేసుకుంటున్నాను.

అన్ని హైడ్రోకార్బన్లూ ఇంత బుద్ధిగా తెగవు. పెళ్లి భోజనంలో చిన్నపిల్లాడి విస్తరి చూడండి. జాంగ్రీ, పులిహోర ముందు మాయం. పప్పు సగం. కాకరకాయ కూర వేసింది వేసినట్టే. బాక్టీరియా పద్ధతీ అదే. తిన్నని గొలుసులు ముందు. తర్వాత కొమ్మలున్న గొలుసులు. ఆ తర్వాత ఉంగరాలు, అంటే ఆరోమాటిక్స్. రెండు ఉంగరాల నాఫ్తలీన్‌ని, అదే మన బీరువాలో కలరా ఉండని, తినేవాళ్లు బాగానే ఉన్నారు. ఇక్కడ ఎంజైమ్ రెండు ఆక్సిజన్ పరమాణువుల్నీ ఉంగరానికే తగిలించి, తర్వాత ఉంగరాన్ని తెరుస్తుంది. నాలుగైదు ఉంగరాలు అతుక్కుని ఉంటే పని చాలా నెమ్మది. ఇక రెజిన్లు, ఆస్ఫాల్టీన్లు. రోడ్డుకి వేసే తారులో ఉండేవి ఇవే. అవి విస్తరిలో కాకరకాయ. కాలిన ఇంజన్ ఆయిల్‌లో ఈ మొండి ఉంగరాలు కొత్త ఆయిల్ కంటే ఎక్కువ, ఎందుకంటే ఇంజన్ వేడికి, సగం కాలిన పెట్రోలుకి అవి వచ్చి చేరతాయి.

సరే, తినేవాళ్లున్నారు, తినడం వచ్చు. మరి మా ఇంటి వెనక మట్టి ఇంకా నల్లగా, జిడ్డుగా ఎందుకుంది?

లెక్క చూడండి. హెక్సాడెకేన్ పూర్తిగా కార్బన్ డయాక్సైడ్, నీరు అవ్వాలంటే ఒక్కో అణువుకి ఇరవై నాలుగున్నర ఆక్సిజన్ అణువులు కావాలి. 226 గ్రాముల ఆయిల్‌కి 784 గ్రాముల ఆక్సిజన్. అంటే గ్రాముకి దాదాపు మూడున్నర గ్రాములు. వెచ్చటి సముద్రపు నీళ్లు లీటరుకి ఏడు మిల్లీగ్రాముల లోపే ఆక్సిజన్ పట్టుకుంటాయి. అంటే ఒక్క గ్రాము ఆయిల్ పూర్తిగా అరగడానికి 500 లీటర్ల నీళ్లలోని ఆక్సిజన్ మొత్తం అయిపోవాలి. మట్టిలో గాలి సందులుంటే ఫర్వాలేదు. కానీ కోనసీమలో నాలుగడుగులు తవ్వితే నీళ్లు. ఆ సందులన్నీ నీటితో నిండిపోతే, ఆక్సిజన్ నీళ్లలో గాలిలో కంటే పదివేల రెట్లు నెమ్మదిగా ప్రయాణిస్తుంది. పైగా జిడ్డు నీటిని కిందికి దిగనివ్వదు, గాలినీ పోనివ్వదు. ఆకలి ఉంది, అన్నం ఉంది, ఊపిరి లేదు.

రెండోది నైట్రోజన్, ఫాస్ఫరస్. ఆయిల్ అంటే ఉత్త కార్బన్, హైడ్రోజనే. కొత్త కణం కట్టాలంటే ప్రొటీన్లకి నైట్రోజన్, డీఎన్ఏకి ఫాస్ఫరస్ కావాలి. ఇటుకలు మాత్రం లారీల కొద్దీ దింపి, సిమెంటు ఇవ్వకుండా ఇల్లు కట్టమన్నట్టు. ఒక గ్రాము హైడ్రోకార్బన్‌కి సుమారు 150 మిల్లీగ్రాముల నైట్రోజన్, 30 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ అని పుస్తకాల్లో లెక్క. దాన్ని మన ఎరువుల కొట్టు భాషలోకి మార్చాను: కిలో ఆయిల్‌కి 150 గ్రాముల డీఏపీ, 270 గ్రాముల యూరియా. ఒకేసారి కాదు, విడతలుగా.

ఈ ఎరువు ఆలోచన నాది కాదు. 1989 మార్చి 24న ఎక్సాన్ వాల్డెజ్ అనే ఓడ అలాస్కాలో బ్లై రీఫ్ అనే రాతిదిబ్బని గుద్దుకుని దాదాపు 4 కోట్ల లీటర్ల ముడి చమురు సముద్రంలో కలిపింది. తీరం పొడవునా రాళ్లన్నీ నల్లబడ్డాయి. వేడినీళ్లతో ప్రెజర్ పెట్టి కడిగారు. ఆ వేడికి రాళ్ల మీద బతికున్నవి కూడా చచ్చాయి. అప్పుడు ఇంకో పద్ధతి కూడా పట్టారు. ఇనిపోల్ అనే, నూనెకి అంటుకునే యూరియా ద్రావణం, కస్టమ్‌బ్లెన్ అనే నెమ్మదిగా కరిగే ఎరువు గుళికలు చల్లారు. ప్రయోగం చేసిన చోట రెండు వారాల్లోనే రాళ్లు తేటపడడం కంటికి కనిపించింది. తర్వాత వంద కిలోమీటర్లకి పైగా తీరానికి అదే చేశారు. బాక్టీరియాని తీసుకురాలేదు, ఉన్నవాటికే సిమెంటు ఇచ్చారు.

ఇది చదివి నేను ఎగిరి గంతేశాను. కానీ ఆ కథలో రెండో భాగం ఉంది. 2001లో అదే తీరాల్లో తవ్వి చూస్తే, పెద్ద రాళ్ల కింద, పై పొర దాటాక, చమురు ఇంకా జిగటగానే ఉంది. పన్నెండేళ్ల తర్వాత! గాలి, పోషకాలు అందని చోట బాక్టీరియా ఏమీ చేయలేకపోయింది. నాకు వెంటనే మా పంపు గుర్తొచ్చింది.

ఇక నా కుండీల సంగతి. షెడ్డు వెనక మట్టి రెండు గోనెసంచుల్లో నింపుకొచ్చాను. మొదటిది ఉన్నది ఉన్నట్టే వదిలేసింది. రెండోది తడిపి, వారానికి రెండుసార్లు తిరగేసింది. మూడోదానికి తడి, తిరగేత, యూరియా, డీఏపీ, దానికి తోడు గాలి ఆడడానికి కొబ్బరి పీచు పొట్టు. నాలుగోదాంట్లో ఎరువు నాలుగింతలు, ఎక్కువేస్తే ఎక్కువ పని జరుగుతుందన్న ఇంజనీరింగ్ బుద్ధితో. మా గైడ్ మేడమ్ నాలుగు కుండీలూ చూసి ఒక్కటే అడిగారు: "కంట్రోల్ ఏదీ? ఆయిల్ ఎండకి ఆవిరై పోలేదని ఎలా చెప్తావు?"

అందుకని ఐదో కుండీ. మూడోదానిలాగే అన్నీ ఉండాలి, బాక్టీరియా మాత్రం చచ్చి ఉండాలి. ల్యాబ్‌లో ఆటోక్లేవ్ రిపేర్‌లో ఉంది. అమ్మ దగ్గర పాత ప్రెషర్ కుక్కర్ అడిగి తెచ్చుకుని, మట్టిని మూడు రోజులు వరసగా గంటేసి ఉడికించాను. హాస్టల్ ఫ్లోర్ మొత్తం పెట్రోలు బంకు వాసన. వార్డెన్ గారు వచ్చి ఏం వండుతున్నావని అడిగితే మట్టి అని చెప్పాను. నమ్మలేదు. ఆ కుక్కర్ ఇక వంటకి పనికిరాదు. దయచేసి ఎవరూ ఇలా చేయకండి.

మా రూమ్మేట్‌ది వేరే వాదన. "ఆయిల్ తినే బాక్టీరియా ప్యాకెట్లు అమ్ముతారు కదా, కొని పడేయ్." ఆ మాట తీసిపారేయదగ్గది కాదు. ఢిల్లీలో ఉన్న టెరి సంస్థ ఐదు రకాల బాక్టీరియాని కలిపి, మొక్కజొన్న కండె పొడిలో పట్టించి ఆయిల్‌జాపర్ అని తయారుచేసింది. మన దేశంలో రిఫైనరీల ఆయిల్ బురదని శుభ్రం చేయడానికి దాన్ని వాడుతున్నారు. ఇంకా వెనక్కెళ్తే ఆనంద చక్రవర్తి గారు. బెంగాల్లో పుట్టి, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేస్తూ, రకరకాల హైడ్రోకార్బన్లు తినే ప్లాస్మిడ్లన్నీ ఒకే సూడోమోనాస్‌లోకి చేర్చారు. ప్రాణమున్నదానికి పేటెంట్ ఏమిటని ఆఫీసు కాదంది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1980 జూన్ 16న ఐదుగురు ఔననీ నలుగురు కాదనీ తీర్పు చెబితే ఆయన గెలిచారు. ఇవాళ బయోటెక్ పేటెంట్లన్నిటికీ అది పునాది. విచిత్రమేమిటంటే ఆ బాక్టీరియాని ఏ సముద్రంలోనూ చమురు మీద వదల్లేదు.

రిఫైనరీ గుంటల్లాంటి చోట, ఆయిల్ మరీ చిక్కగా ఉండి స్థానిక జీవులు నిలదొక్కుకోలేనప్పుడు, బయటి నుంచి తేవడంలో అర్థముంది. కానీ అలాస్కాలో బయటి బాక్టీరియా ఉత్పత్తులతో చేసిన పరీక్షల్లో ఎరువు ఒక్కటే వేసినదానికంటే మెరుగైన ఫలితం కనిపించలేదు. ఇరవై ఏళ్లుగా ఆయిల్ తాగుతున్న మా మట్టిలో ఉన్నవాళ్లకంటే అనుభవజ్ఞులు ప్యాకెట్లో ఏం దొరుకుతారు?

పది వారాలు గడిచాయి. కుండీకి ఒక్కటే ఉంది, రెప్లికేట్స్ లేవు కాబట్టి పర్సంటేజీలు ఇక్కడ వేస్తే మేడమ్ ఊరుకోరు. చూసింది చెప్తాను. మట్టిని హెక్సేన్‌తో కడిగి, ఆరబెట్టి, మిగిలిన జిడ్డు తూచాం. మూడో కుండీలో అన్నిటికంటే తక్కువ జిడ్డు. రెండోది తర్వాత. మొదటిదీ ఉడికించినదీ దాదాపు పక్కపక్కనే, అంటే పోయిందాంట్లో చాలా భాగం గాలికి పోలేదు, ఎవరో తిన్నారు. నాలుగోది మొదటి వారంలోనే అమ్మోనియా కంపు కొట్టింది, అక్కడ ఎవరూ బాగుపడలేదు. మెంతులు కూడా చల్లి చూశాను. మూడో కుండీలో సగానికి పైగా మొలిచాయి. మొదటిదాంట్లో ఒక్కటీ లేదు.

ఇది చూపించగానే మా క్లాసులో ఒకడు, "అయితే ప్రకృతే శుభ్రం చేసుకుంటుంది, గొడవ లేదు" అన్నాడు. ఈ మాట 2010లో కూడా చాలామంది అన్నారు. ఆ ఏప్రిల్ 20న మెక్సికో అఖాతంలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్ పేలి 11 మంది చనిపోయారు. కిలోమీటరున్నర లోతులో బావి 87 రోజులు చమురు కక్కింది. కిలోమీటరు పైచిలుకు లోతులో, ఐదు డిగ్రీల చలిలో, చీకట్లో చమురు మేఘంలా విస్తరించింది. అంత చలిలో కూడా ఓషియానోస్పిరిల్లేల్స్ అనే వర్గం బాక్టీరియా విపరీతంగా పెరిగి ఆల్కేన్లని తినేయడం శాస్త్రవేత్తలు చూశారు. అంత నీరు, అంత చిన్న బొట్లు, వేల ఏళ్ల అలవాటు. నిజంగా అద్భుతమే. కానీ అదే చమురులో బరువైన భాగం కొంత సముద్రం అడుగుకి దిగి బురదలో కూరుకుపోయింది, చిత్తడి నేలల్లోకి కూడా చేరింది. మన పక్కనే, 2017 జనవరి 28న ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకున్నప్పుడు తీరానికి కొట్టుకొచ్చింది ఓడ ఇంజన్లకి వాడే చిక్కటి నల్ల ఆయిల్. విస్తరిలో కాకరకాయ భాగమే ఎక్కువ. దాన్ని జాలర్లూ విద్యార్థులూ బక్కెట్లతో ఎత్తిపోయాల్సి వచ్చింది. బాక్టీరియా వచ్చి తినేదాకా ఆగి ఉంటే రొయ్యలూ తాబేళ్లూ ఆగవు కదా.

సంక్రాంతి సెలవులకి మూడో కుండీ మోసుకుని ఇంటికెళ్లాను. మెంతిమొక్కలతో సహా. నాన్న మట్టి వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఆయన చేతులకి ఆయిల్ సంగతి నాకంటే ఎక్కువ తెలుసు.

"జిడ్డు తగ్గింది. కానీ నల్లగానే ఉంది కదరా?"

నిజమే. ఆ నలుపు మొండి ఉంగరాలది, మసిది. ఇంకోటి కూడా చెప్పాల్సి వచ్చింది. ఇంజన్ ఆయిల్‌లో అరుగుదల ఆపడానికి జింక్ కలిపిన రసాయనం వేస్తారు. అది మూలకం. ఏ బాక్టీరియా జింక్‌ని తిని మాయం చేయలేదు. అందుకే ఆ మెంతికూర పప్పులో వేయొద్దని అమ్మకి గట్టిగా చెప్పాను.

"సరే, వెనక జాగా అంతా నువ్వు చెప్పినట్టు తవ్వి, ఎరువేసి, పీచు పొట్టు కలుపుదాం. పంపు నీళ్లు బాగుపడతాయా?"

ఈ ప్రశ్నకి నా దగ్గర కుండీ లేదు. పై అడుగున్నర మట్టి తిరగేయగలం. నీటిమట్టం దాకా దిగినదానికి గాలి అందదు. అక్కడ ఆక్సిజన్ లేకుండా, నైట్రేటునో ఇనుమునో సల్ఫేటునో పట్టుకుని బతికే బాక్టీరియా ఉంటాయి. పెట్రోలులో ఉండే టోలుయీన్ లాంటివాటిని అవి తింటాయి, కానీ చాలా నెమ్మదిగా. పైన యూరియా ఎక్కువ గుమ్మరిస్తే అది నైట్రేటై అదే పంపులోకి దిగే ప్రమాదం వేరే. ఇదంతా చెప్తే నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే నేను పోసినప్పుడల్లా..." అని ఆగిపోయాడు. నేను చిన్నప్పుడు ఆ డబ్బా పట్టుకెళ్లి పోసిన సాయంత్రాలు కూడా చాలానే ఉన్నాయి. అదీ చెప్పాను.

మర్నాడు పొద్దున్నే పాత నీలం డ్రమ్ము ఒకటి షెడ్డులోకి దొర్లించుకొచ్చి, మూతకి గరాటు బిగించాడు. కాలిన ఆయిల్ ఇప్పుడు అందులోకి. కొనుక్కెళ్లేవాళ్ల నంబరు గోడ మీద సుద్దతో రాసి ఉంది. పంపు హ్యాండిల్‌కి తీగ చుట్టేశాడు. అంతకుముందే నేను రెండు గాజు సీసాల్లో నీళ్లు పట్టి, పైదాకా నింపి, మూత బిగించి బ్యాగులో పెట్టుకున్నాను. గ్యాస్ క్రొమటోగ్రఫీ స్లాట్ కోసం పేరు రాయించాను. మా ముందు ఇంకా నాలుగు బ్యాచ్‌లున్నాయి.